హోటల్ భోజనానికి వెళ్లిన స్టీలు డబ్బా

నేను ఒక స్టీలు డబ్బాను. మూతతో కలిపి జానెడు ఎత్తుంటాను. కాకినాడలో ఒక పాత్రల కొట్లో మెరుస్తూ కూర్చున్న నన్ను సుగుణ వాళ్లమ్మ కొన్నది. కొన్న వెంటనే కొట్టువాడు నన్ను ఒళ్లో పెట్టుకుని, సూదిలాంటి మిషనుతో టకటకా పొడుస్తూ మూత మీద చుక్కలతో పేరు రాశాడు. నొప్పేం లేదు గానీ తెగ గిలిగింతలు పెట్టింది. ఆ మూడక్షరాలూ ఇప్పటికీ చెరగలేదు: సుగుణ.

పేరు సుగుణదే అయినా, నా బతుకులో సగం గోడ అవతలి నూకరత్నం ఇంట్లోనే గడిచింది. రత్నం భర్త పోయినప్పుడు నేను అన్నం, పప్పుచారు మోసుకుని మొదటిసారి ఆ గోడ దాటాను. నాలుగు రోజుల తర్వాత రత్నం నన్ను తళతళా తోమి, ఖాళీగా గోడ మీద పెట్టింది. సుగుణ తీసుకోలేదు.

"గిన్నె ఖాళీగా ఇస్తావేంటే? మనిళ్లల్లో అలా ఇస్తారా?"

"మైల ఇంట్లోది ఏం పెట్టి ఇమ్మంటావే?"

"దొడ్లో కరివేపాకు లేదూ? రెండు రెమ్మలు వెయ్యి. దానికి మైలేంటి?"

రత్నం ఏడుస్తూనే రెండు రెమ్మలు తుంచి నాలో వేసింది. అది జరిగి పదకొండేళ్లు. ఆనాటి నుంచి నేను ఖాళీగా గోడ దాటింది లేదు. ఒకసారి గోంగూర పచ్చడి, ఒకసారి కజ్జికాయలు, ఏమీ లేని రోజున గుప్పెడు బెల్లం. రత్నానికి అప్పటికి చదువు రాదు. నన్ను తోముతూ చుక్కల మీద వేలు పోనిచ్చి, సుగుణ చెప్పగా ఆ మూడక్షరాలూ కూడబలుక్కుంది. ఆమె చదివిన మొదటి మాట నా నెత్తినే ఉంది. ఆ గర్వం నాకు కొంచెం ఎక్కువే.

సుగుణ చీరల షాపులో పనిచేస్తుంది. రత్నం ఆ షాపు చీరలకే ఇంట్లో కూర్చుని ఫాల్స్ కుడుతుంది. మొన్న ఒక సాయంత్రం సుగుణ గోడ మీంచి తొంగిచూసి, "ఆదివారం నాకు యాభై నిండుతాయే. మా షాపు అమ్మాయిలు ఏసీ హోటల్‌కి పదమంటున్నారు. నువ్వు రాకపోతే నేనూ వెళ్లను" అంది.

అప్పుడు నేను రత్నం ఇంట్లో ఉన్నాను. అంటే, నింపి తిరిగి ఇవ్వాల్సిన వంతు ఆమెది. శనివారం రాత్రే బియ్యం నానబోసింది. ఆదివారం పొద్దున్నే తడిపిండి కొట్టించుకొచ్చి, బెల్లం పాకం పట్టి, కొబ్బరి ముక్కలు నేతిలో వేయించి, ఇరవై పాకుండలు వండింది. పాకం కొంచెం ముదిరిందేమోనని ఒకటి తిని చూసింది. ముదరలేదు. వెచ్చవెచ్చగా నాలో సర్ది మూత బిగించింది. హోటల్‌కి వెళుతున్నానని తెలిసి నాకు సంబరం ఆగలేదు! అప్పటిదాకా నేను చూసిన లోకమంతా రెండు వంటిళ్లు, ఒక గోడ.

గుడ్డసంచిలో, ఆటోలో, రత్నం ఒళ్లో కూర్చుని వెళ్లాను. తలుపు తీయగానే చల్లటి గాలి. సంచి లోపల నాకే వణుకొచ్చింది. ఎక్కడా పొగ లేదు, మసి లేదు. ఇక్కడ అన్నం ఎవరు వండుతారా అనుకున్నాను. గుమ్మం దగ్గర ఒక బోర్డు ఉంది. రత్నం నిలబడి మెల్లగా చదివింది: "బయటి తినుబండారములు తేరాదు." చదివి, సంచి మీద పవిట కప్పేసింది. చదువు వచ్చినందుకు తనకు మొదటిసారి భయం వేసిందని ఆ తర్వాత సుగుణతో అంది.

బల్ల చుట్టూ ఐదుగురు కూర్చున్నారు. సుగుణ, రత్నం, షాపులో బిల్లులు వేసే శ్రీదుర్గ, ఇంకో ఇద్దరు అమ్మాయిలు. అందరూ రంగుకాగితాలు చుట్టిన కానుకలు బల్ల మీద పెట్టారు. నన్ను మాత్రం రత్నం బల్ల కింద, తన కాళ్ల దగ్గర దాచింది. అక్కడి నుంచి నాకు చెప్పులు బాగా కనిపించాయి. మనుషుల మొహాలు నవ్వుతున్నప్పుడు కాళ్లు ఏం చేస్తాయో చూడాలంటే బల్ల కింద కూర్చోవాలి.

సుగుణ చేతులు కడుక్కోవడానికి లేచింది. వెంటనే శ్రీదుర్గ రత్నం వైపు వంగింది.

"పిన్నిగారూ, మా షాపులో ఓ పద్ధతుందండి. పుట్టినరోజు ఎవరిదైతే వాళ్లు ఇవ్వకూడదు. మనం నలుగురం పంచుకోవాలి. కేకుతో కలిపి తలా ఎనిమిదొందలు అవుద్దేమో. అక్కకి చెప్పకండేం."

రత్నం కాళ్లు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. ఆమె దగ్గర ఉన్నవి మూడొందలు, పైన ఆటోకి ఇరవై. ఎనిమిదొందలంటే పదమూడు చీరలకు ఫాల్స్ కుట్టాలి. పిలిచినవాళ్లే పెడతారనుకుని వచ్చింది పాపం. పోనీ లేచి వెళ్లిపోదామంటే, "మీ పక్కింటావిడ అలా వెళ్లిపోయిందేంటి" అని రేపు షాపులో సుగుణను అడుగుతారు.

ఆ హోటల్ కార్డులో వంటకాల పేర్లన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయట. అంకెలు మాత్రం అందరికీ అర్థమయ్యేవే. రత్నం కార్డు మూసేసి, తిరిగొచ్చి కూర్చున్న సుగుణతో, "నాకు మజ్జిగ చాలే. ఇవాళ ఒక్కపొద్దు" అంది.

"ఆదివారం ఒక్కపొద్దేంటి? పొద్దున గోడ మీంచి నెయ్యి వాసనొచ్చి నాకు నిద్ర పట్టలేదు. ఒక్కపొద్దుండేదానివి పొద్దున్నే పాకుండ నమిలావేం? నేను చూశాగా!"

అమ్మాయిలు ఫక్కున నవ్వారు. రత్నం కాలు కంగారుగా కదిలింది. సంచితో సహా నేను ఒరిగి, దొర్లి, నున్నటి గచ్చు మీద ఖంగుమని పడ్డాను! మూత ఊడింది, పాకుండలు మాత్రం సంచి దాటలేదు. నా అంచు కింద ఈ సొట్ట అప్పుడు పడిందే. నెయ్యి, బెల్లం, యాలకుల వాసన ఆ చల్లటి గదినంతా కమ్మేసింది. పక్క బల్లల వాళ్లు కూడా తలలు తిప్పారు. నా గొంతు అంత గట్టిదని నాకే తెలియదు.

వడ్డించే పెద్దాయన గబగబా వచ్చాడు. "అమ్మా, బయటివి తేకూడదండి. బోర్డుంది."

సుగుణ నన్ను ఎత్తి బల్ల మీద పెట్టింది. "బయటిదేంటి బాబూ? ఇది నా డబ్బా. ఇదిగో, నా పేరు. ఇవాళ నా పుట్టినరోజు. కావాలంటే చదువుకో."

ఆయన నిజంగానే వంగి చదివాడు. అటూ ఇటూ చూసి, "మేనేజరుగారు భోజనానికెళ్లారు. ఆయనొచ్చేలోగా కానిచ్చేయండి" అన్నాడు. "పాకుండలాండీ?" అని నెమ్మదిగా అడిగాడు. ఆయనకొకటి ఇచ్చారు.

ఆ నవ్వుల మధ్య రత్నం తల ఎత్తింది. ఇక దాచదలచుకోలేదు.

"అమ్మాయ్ శ్రీదుర్గా, ఒక్కపొద్దూ లేదు, ఏమీ లేదు. పిలిచినవాళ్లే పెడతారనుకుని వచ్చాను. మీ పద్ధతి నాకు తెలీదు. నా దగ్గర మూడొందలున్నాయి. అంతవరకు తింటాను. ఊరికే మాత్రం తినను."

అప్పుడు శ్రీదుర్గ చెవుల దాకా ఎర్రబడి, "నేను షాపులో చేరిన కొత్తలో కడుపునొప్పని చెప్పి ఈ విందులు ఎగ్గొట్టాను పిన్నిగారూ. రెండుసార్లు" అంది.

"మూడుసార్లు," అంది పక్కనున్న అమ్మాయి. "కడుపునొప్పి రెండు, మీ తాతగారు పోయారని ఒకసారి. ఆ తాతగారు మొన్న షాపుకొచ్చి పంచె కొనుక్కెళ్లారు."

ఇక చూడాలి ఆ బల్ల! సుగుణ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. తర్వాత కోప్పడింది కూడా: "నా పుట్టినరోజుకి మీరు లోపల్లోపల ఇంత కథ నడుపుతారా?" ఎవరి పళ్లెం వాళ్లకు కాకుండా రెండు పెద్ద బిర్యానీలు తెప్పించి అందరూ పంచుకున్నారు. కేకు వద్దన్నారు. ఉన్నవాటిలో గుండ్రటి పాకుండ చూసి, వడ్డించే పెద్దాయన తెచ్చిన కొవ్వొత్తి గుచ్చారు. నేను నా బతుకంతా ఎన్నో మోశాను గానీ దీపం మోయడం అదే మొదలు! మంట ఊదేటప్పుడు సుగుణ ఊపిరి నా అంచుకు తగిలింది. తొలి ముక్క తీసి ఆమె రత్నం నోట్లో పెట్టింది.

బిల్లు వచ్చింది. తలా మూడొందల పది. రత్నం మూడొందలూ పెట్టి, ఆటో డబ్బుల్లోంచి పది తీసి వాటి పక్కన పెట్టింది. సుగుణ చెయ్యి సంచిలోకి వెళ్లబోయి ఆగింది. రత్నం మొహం చూసి ఆగింది. ఆ తర్వాత ఇద్దరూ చేతులు పట్టుకుని నడిచే ఇంటికి వెళ్లారు. నేను మాత్రం వాళ్లతో వెళ్లలేదు. మిగిలిన పాకుండలతో శ్రీదుర్గ నన్ను తన హాస్టల్‌కి పట్టుకెళ్లింది.

అక్కడ నా పాట్లు ఏం చెప్పను! పాకుండలు రాత్రికే అయిపోయాయి. తర్వాత నాలో జడపిన్నులు, ఫోను తీగ, బటన్లు వేశారు. వారం, రెండు వారాలు, మూడు వారాలు. ఇక గోడ చూస్తానా అని బెంగపడ్డాను. ఈ పిల్లకు మన పద్ధతి ఎవరు చెబుతారు?

మూడో ఆదివారం శ్రీదుర్గ పిన్నులన్నీ కుమ్మరించి, నన్ను రెండుసార్లు తోమింది. స్నేహితురాలి ఇంటికి తీసుకెళ్లి ఏదో వేయించి, వేడివేడిగా నాలో పోసింది. అవి పడుతుంటే గులకరాళ్ల చప్పుడైంది.

రత్నం గుమ్మంలో నన్ను చేతికిచ్చి, "ఖాళీగా ఇవ్వకూడదటగా పిన్నిగారూ. అక్క చెప్పింది" అంది.

రత్నం ఒకటి కొరకబోయింది. కొరకలేకపోయింది. గోడ వైపు తిరిగి, "సుగుణా, సన్నికల్లు పొత్రం పట్టుకురావే! శ్రీదుర్గ పాకుండలు తెచ్చింది!" అని కేకేసింది. అమ్మాయి మొహం చిన్నబోయేలోగా దగ్గరకు లాక్కుని, "పాకం ముదరబెట్టావే పిచ్చిదానా. రా, చూపిస్తా" అని పొయ్యి దగ్గరకు తీసుకెళ్లింది.

నాకిప్పుడు మూడిళ్లు. సొట్ట వల్ల మూత కాస్త బిగుతైంది, తీయాలంటే చరచాలి. వచ్చే నెల శ్రీదుర్గ పుట్టినరోజట, మళ్లీ ఆ హోటలేనట. మొన్న బజారుకు వెళ్లిన రత్నం కొవ్వొత్తుల పొట్లం ఒకటి కొనుక్కొచ్చింది. దాన్ని ఎవరికీ కనిపించకుండా నాలోనే దాచింది.