అత్తగారి వంతు

హాస్టల్ గదిలో మేమిద్దరమే. పార్టీకి వెళ్లినప్పుడల్లా ఒకరు తాగితే ఇంకొకరు తాగకూడదు. తాగనామె రెండోదాని మీద కన్నేసి ఉంచాలి. గ్లాసు ఎవరు అందిస్తున్నారో చూడాలి, ఎవడైనా మేడ మీదికి రమ్మంటే అడ్డం పడాలి, చివరికి భద్రంగా గదికి చేర్చాలి. ఆ ఉద్యోగానికి మేం పెట్టుకున్న పేరు 'అత్తగారు'. "ఇంక చాలు, దించు గ్లాసు" అని అత్తగారు కళ్ళెర్రజేస్తే కోడలు మూతి ముడుచుకునేది. ఒళ్ళు తెలియకుండా పడిపోయేవాళ్ళను చూసి, మేం మాత్రం మహా తెలివైనవాళ్ళమని మురిసిపోయేవాళ్ళం.

ఈసారి వంతు టీచరమ్మది. నిజంగా టీచరేమీ కాదు, నా గదిలోనే ఉంటూ నాతోపాటే చదువుతోంది. ఎప్పుడూ ఎవరికో ఒకరికి పాఠం చెబుతూ ఉంటుందని నేను పెట్టిన పేరది. ఆమె ఉందన్న ధీమాతో నేను ఎడాపెడా తాగేశాను.

మర్నాడు గదిలో కళ్ళు తెరిస్తే చొక్కా తిరగేసి తొడుక్కుని ఉన్నాను. తొడ మీద కమిలిన గుర్తు. పార్టీలో పాటలు మొదలైన తర్వాత ఏం జరిగిందో ఒక్క ముక్క గుర్తు లేదు.

"నిన్న నేనెక్కడికైనా వెళ్ళానా?" అని అడిగాను.

"ఎక్కడికి వెళ్తావే? నా పక్కనే పడున్నావు. చొక్కా మీద కక్కుకుని, కడుక్కుని, నువ్వే తిరగేసి తొడుక్కున్నావు," అంది టీచరమ్మ దుప్పటి మడతపెడుతూ.

ప్రాణం లేచొచ్చింది. కానీ నాలుగడుగులు వేసేసరికి ఒళ్ళు వేరే సంగతి చెప్పింది. ఎక్కడ నొప్పి ఉండకూడదో అక్కడే ఉంది. యూనివర్సిటీ ఆసుపత్రికి బయల్దేరాను. "ఎందుకే అనవసరంగా" అని సణుగుతూనే తనూ వెంట వచ్చింది.

డాక్టరమ్మ అంతా విని, టీచరమ్మ వైపు తిరిగింది.

"నువ్వు పక్కనే ఉన్నావా?"

"ఉన్నానండీ."

"బాగా గుర్తు తెచ్చుకో. పరీక్ష చేస్తాను గానీ, అన్నీ దాంతో తేలవు. ఏదైనా జరిగి ఉంటే జబ్బు అంటకుండా ఇవాళే మాత్రలు మొదలుపెట్టాలి. ఆలస్యమైతే అవి పనిచేయవు. ఏమీ జరగకపోతే నెల్లాళ్ళు ఊరికే మింగించడం నాకిష్టం లేదు."

"అయితే అక్కర్లేదండీ," అని లేచాను.

"కూర్చోవే," అంది టీచరమ్మ. "నేను పక్కన లేను."

నాకు అర్థం కాలేదు.

"తాగలేదు, ఒట్టు. ఎవరో మాత్ర ఇచ్చారు. నిద్ర రాకుండా ఆపుతుంది, పరీక్షలప్పుడు అందరూ వేసుకునేదే అన్నారు. వేసుకుంటే నిన్నింకా బాగా కనిపెట్టుకోవచ్చు కదా అనుకున్నా. ఆ తర్వాత ఏమీ తెలీదు, లేచి చూస్తే సోఫాలో ఉన్నా. నువ్వు మేడ మెట్ల మీద కూర్చుని ఉన్నావు, చొక్కా అప్పటికే తిరగేసి ఉంది. నీ వెనక గదిలో ఒకడు నిద్రపోతున్నాడు. ఎలాగో నిన్ను మన గదికి చేర్చా. పొద్దున్న నువ్వడగ్గానే చెప్పడానికి సిగ్గేసిందే."

నాకు ఒళ్ళు మండిపోయింది. ముందు వాడి మీద మండాలి. కానీ ఎదురుగా ఉన్నది ఇదే కదా. "నేను మాత్రలొద్దని లేవకపోయి ఉంటే చెప్పేదానివేనా?" అని అరిచాను. ఆమె చేయి చాపితే విదిలించేశాను.

డాక్టరమ్మ ఆమెను తిట్టలేదు. "తాగావు, సరే. ఆ తర్వాత జరిగింది నీ తప్పు కాదు," అంది నాతో. మాత్రలు రాయడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి తలెత్తింది.

"నువ్వు సోఫాలో పడి ఉన్నంతసేపు నిన్నెవరు చూశారమ్మా?"

దేనికైనా ఠక్కున జవాబు చెప్పే టీచరమ్మ ఈసారి తన బట్టల వైపు చూసుకుంది. పొద్దుట్నుంచీ నా చొక్కా గురించి అబద్ధాలు అల్లడంలో పడి, తన గురించి ఆలోచించనే లేదు పాపం.

"నాకేం కాలేదే... కదా?" అంది నాతో.

కాలేదనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. నా కోపమంతా ఏమైపోయిందో.

"తెలీదే," అన్నాను. "నువ్వూ చూపించుకో."