తిన్నగా పోని పడవ

నేను పడవనే. చూసినవాళ్ళు ఒక పట్టాన నమ్మరు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఒంటికి నల్ల రంగు, అంచులకు బంగారు పూత, కూర్చోవడానికి ఎర్ర మఖమలు సోఫా. పెళ్ళి ఊరేగింపుకు ముస్తాబైన కారులా ఉంటాను. నేను తిరిగేది గోదావరిలోనూ కాదు, సముద్రంలోనూ కాదు. గోవాలో ఒక కాసినో హోటల్లో, మొదటి అంతస్తులో. నీళ్ళు మోకాలి లోతు. వాటిలో కలిపే మందు వాసనకు చేపపిల్ల కూడా బతకదు. ఇంత వైభోగం ఎన్ని పడవలకు పడుతుంది చెప్పండి?

పుట్టింది మాత్రం తాళ్ళరేవులో, మడ అడవుల పక్కన. అక్కడ చిట్టబ్బాయి మేస్త్రి అని పడవలు కట్టడంలో పేరున్న మనిషి ఉన్నాడు. ఒకరోజు హైదరాబాదు నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చి, సెల్‌ఫోనులో ఇటలీ పడవ ఫోటో చూపించి, అచ్చం ఇలాంటిదే కావాలన్నాడు. మేస్త్రి ఫోనును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ దేశపు పడవ ఎడమ పక్క కాస్త ఉబ్బెత్తుగా, కుడి పక్క కాస్త నొక్కుకుపోయినట్టు ఉంటుంది. కుడి పక్కన ఒక్క తెడ్డు వేసినా తిన్నగా పోవాలని వాళ్ళు కావాలనే అలా కడతారు. ఆ సంగతి మేస్త్రికి తెలియదు, కాంట్రాక్టరుకు అసలే తెలియదు.

"ఇదేంటండీ, ఒక పక్కకి ఒరిగిపోయుంది? కట్టినోడు తాగి కట్టాడేంటండీ?" అన్నాడు మేస్త్రి.

"ఫోటో అలా వచ్చిందేమో," అన్నాడు కాంట్రాక్టరు.

"ఏం పర్లేదండి, నేను సరిచేసి కడతాను. తాళ్ళరేవు నుంచి వంకర పడవ వెళ్ళిందంటే మా వంశానికే మాటొస్తాదండి."

అలా నన్ను రెండు పక్కలా సమంగా, వేలెత్తి చూపడానికి వీల్లేకుండా కట్టాడు. నా కష్టాలన్నీ ఆ చక్కదనంతోనే మొదలయ్యాయి.

లారీలో గోవా చేరాక చూశాను, ఆ వీధిలో ప్రతి హోటలుకూ ఒక వేషం ఉంది. పక్క హోటలు పిరమిడ్. దాని గుమ్మంలో ఒంటినిండా గుడ్డపేలికలు చుట్టుకుని నిలబడే శవం ఒకటుంది, ఉక్క పోసినప్పుడు అది కట్లు విప్పుకుని బీడీ కాలుస్తుంది. ఎదుటి హోటల్లో అగ్నిపర్వతం. సాయంత్రం కాగానే నిప్పులు కక్కుతుంది, కరెంటు పోతే మానేస్తుంది. మా హోటలు పేరు వెనిస్ విలాస్. లోపల ఒక కాలువ, దాని మీద ఒక వంతెన, అటూ ఇటూ అట్టముక్కల మేడలు, పైన నీలం రంగు వేసిన ఆకాశం. కాలువ చివర గుండ్రటి మడుగు, దాని మధ్యలో రెక్కల సింహం బొమ్మ. కాసినోలోకి పోయేవాళ్ళు ముందు నాలో ఎక్కి కాలువంతా షికారు చేసి, అవతలి గుమ్మం దగ్గర దిగి ఆటకు వెళ్ళాలి. మేనేజరు కుటిన్యో గారి ఏర్పాటు అది.

చారల బనీన్లు తొడుక్కున్న పడవవాళ్ళు నన్ను నడపబోయారు. కుడి పక్కన తెడ్డు వేస్తే నేను ఎడమకు తిరిగిపోయేదాన్ని. వాళ్ళు ఎంత బలంగా వేస్తే అంత గబగబా తిరిగేదాన్ని. మేడలకు గుద్దుకున్నాను, వంతెన సున్నం రాల్చాను, ఎలాగో మడుగులోకి వెళ్ళి సింహం చుట్టూ గానుగెద్దులా తిరిగాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, అందరూ నన్నే తిట్టారు.

అంతకన్నా పెద్ద చిక్కు మన తెలుగువాళ్ళతో వచ్చింది. గోవా కాసినోలకు మన వైపు నుంచి వచ్చే జనానికి లెక్కలేదు. అప్పుచేసి ఆడటానికి భయపడరు గానీ, పిల్లి ఎదురొస్తే మాత్రం వెనక్కి వెళ్ళి మంచినీళ్ళు తాగి బయల్దేరతారు. నేను సింహం చుట్టూ ఎడమవైపుగా తిరగడం చూసి వాళ్ళ మొహాలు మాడిపోయాయి. గుడి చుట్టూ ఎవరైనా అలా ఎదురు తిరుగుతారా? లోపల డబ్బు పోగొట్టుకున్న ప్రతివాడూ బయటికొచ్చి నా వంక గుర్రుగా చూసేవాడు. నేను దరిద్రప్పడవనని పేరు పడింది. నాలో ఎక్కేవాళ్ళు కరువయ్యారు.

కుటిన్యో గారు చాలా ఆలోచించి, నన్ను అడ్డంగా కోయించి, భోజనాల హాల్లో పచ్చికూరలు పేర్చే బల్లగా పెట్టాలని నిర్ణయించారు. వడ్రంగి వచ్చి కొలతలు కూడా తీసుకున్నాడు. ఓడలు బళ్ళవుతాయని విన్నాను గానీ కీరదోస ముక్కల బల్లలవుతాయని ఎవరూ చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఇక్కడ పైడితల్లి సంగతి చెప్పాలి. ఆవిడది శ్రీకాకుళం వైపు సముద్రపు ఊరు. మొగుడు ఎర్రయ్య గోవా చేపల బోట్ల మీద పనిచేస్తాడు. ఆవిడ మా కాలువలో పాచి గీకేది. రోజూ పొద్దున్నే నన్నూ తుడిచేది. కానీ ఎప్పుడూ నాలో కాలు పెట్టేది కాదు. నీళ్ళలోనే నిలబడి, చేయి చాపి, సోఫా దాకా ఆపసోపాలు పడుతూ తుడిచేది. నాతో మాట్లాడేది కూడా.

"మా ఊర్లో ఆడది పడవెక్కితే వల పడదంతారు. సిన్నప్పుడు ఒడ్డున బోర్లించిన పడవ మీద కూకున్నానని మా తాత సెంప పగలగొట్టినాడు. దెబ్బకి కాదు, ఆడది కూకుంటే తప్పేటో తెల్దు, అదే ఇంకా మండతంది నాకు," అంది ఒకసారి.

కొలతలు తీసుకున్న మర్నాడు ఆవిడ నన్ను తుడవలేదు. గుడ్డ పక్కన పడేసి, చెప్పులు గట్టు మీద విడిచి, అటూ ఇటూ చూసి నాలోకి ఎక్కేసింది. ఇన్నాళ్ళూ చేయి చాపి తుడిచిన సోఫా మీద ఒకసారి కూర్చుని చూసింది. తర్వాత దిగి, తిన్నగా కుటిన్యో గారి గదికి వెళ్ళి, తనకొచ్చిన హిందీలో అడిగింది, కోసేలోపల పడవను నడపడం నేర్చుకోవడానికి తనకు ఇవ్వమని. ఎలాగూ కోసేదే కదా అని ఆయన నవ్వి ఒప్పుకున్నారు.

పైడితల్లికి పడవ నడపడం వచ్చని అనుకునేరు. రాదు. ఎవరు నేర్పారు గనుక? పైగా ఆవిడది పుర్రచేతి వాటం. కుడి పక్కన ఉన్న తెడ్డు చేతిలో ఇమడక, కరెంటు పనివాణ్ణి బతిమాలి, తెడ్డు ఆనించే కొయ్యను ఎడమ పక్కకు మార్పించుకుంది. ఇక పొద్దున్నే మొదలు. గోడలకు గుద్దింది, నీళ్ళలో పడింది, వంతెన కింద ఇరుక్కుని నన్ను చెడామడా తిట్టింది. "ఒలే, తిన్నగా పోవే నీకు పున్నెముంటాది," అనేది. నేనేం చేయను? ఎడమ పక్కన తెడ్డు వేస్తే కుడికి తిరిగిపోతాను. నా పుట్టుకే అంత.

ఆ పాట్లు పడుతుండగానే భీమవరం నుంచి విస్సంరాజు గారని రొయ్యల చెరువుల ఆసామి వచ్చారు. పొద్దున్నే చారల బనీన్లవాళ్ళెవరూ ఇంకా రాకపోవడంతో పైడితల్లి నడుపుతుండగా నాలో ఎక్కారు. పైడితల్లి చేతులు జోడించి, చెప్పులు విప్పమంది. పడవలో చెప్పులతో అడుగు పెట్టడం వాళ్ళ ఊళ్ళో ఎరగరు. ఆయన వెంటనే విప్పారు. మడుగులోకి వెళ్ళాక ఆవిడకు పట్టు తప్పింది. నేను సింహం చుట్టూ కుడివైపుగా తిరగడం మొదలుపెట్టాను. ఆవిడ ఆపలేక చెమటలు కక్కుతోంది. రాజుగారు మాత్రం లెంపలు వేసుకుని కళ్ళు మూసుకున్నారు. మూడు చుట్లయ్యాక గుమ్మం ముందు దిగి, "ఆడబిడ్డ చేత చెప్పులు విప్పించి మూడు ప్రదక్షిణాలు చేయించారండి. ఏర్పాటంటే ఇదండీ," అని కుటిన్యో గారి చేయి పట్టుకుని ఊపేశారు.

ఆ రోజు ఆయనకు ఆటలో కలిసొచ్చింది. నాకేం సంబంధం లేదని ఒట్టేసి చెబుతున్నాను. మర్నాటికల్లా సింహం బొమ్మకు ఎవరో బొట్టు పెట్టారు. గట్టు మీద చెప్పుల స్టాండు వెలిసింది. జనం బారులు తీరారు. వాళ్ళలో చాలామంది పోగొట్టుకునే వచ్చారు, కానీ ఇప్పుడు నన్నెవరూ తిట్టలేదు. చుట్టు తిరిగేటప్పుడు మనసు నిలపలేదని తమను తామే తిట్టుకున్నారు. మనిషికి భక్తి కుదిరితే పడవకు ఎంత సుఖమో చూడండి.

పైడితల్లికి చారల బనీను ఇచ్చారు. ఆవిడ దాన్ని చీర మీదే తొడుక్కుని, తెడ్డు పట్టుకుని నిలబడిన రోజు నేను గర్వంతో పొంగిపోయాను. మెల్లగా ఆవిడకు నా తీరు పట్టుబడింది. తెడ్డును చివర్లో చిన్నగా మెలిపెడితే నేను తిన్నగా పోతానని తెలుసుకుంది. మడుగులో మాత్రం అడిగినవాళ్ళకు మూడు చుట్లు తిప్పేది.

అప్పుడొచ్చింది వానకాలం. చేపల వేట ఆపేసే నెలలు. ఎర్రయ్య ఒడ్డుకు వచ్చి సంగతి విన్నాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఆ యేడు గాలివానలో వాళ్ళ పక్క బోటు తిరిగి రాలేదు. అందులో వాళ్ళ ఊరివాళ్ళే ఉన్నారు.

"ఆడది తెడ్డు ముట్టుకుంటే సముద్రం మీద నా గతేటి? వేట మొదలయ్యేలోగా ఒగ్గేయ్. నేకపోతే నాను బోటెక్కను," అన్నాడట. పైడితల్లి మర్నాడు నన్ను తుడుస్తూ ఈ మాట చెప్పి, సోఫా మీద తల పెట్టి ఏడ్చింది. ఆయన బోటెక్కకపోతే ఇల్లు గడవదు. తెడ్డు వదిలితే తనకు మళ్ళీ పాచి గీకడమే. అది కూడా కాదు ఆవిడ బాధ. అన్నాళ్ళకు తన చేతికి ఒక పడవ దొరికింది, దాన్ని మళ్ళీ లాక్కుంటున్నారు.

కానీ ఏడ్చి ఊరుకోలేదు. మొగుడితో ఒక ఒప్పందం చేసుకుంది. ఒక్కసారి నాలో ఎక్కి కూర్చోవాలి. దిగాక కూడా అదే మాటంటే వదిలేస్తుంది.

వేట మళ్ళీ మొదలవడానికి రెండు రోజుల ముందు ఎర్రయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే చెప్పులు విడిచాడు. నడిసముద్రంలో పడుకుని నిద్రపోయే మనిషి, మోకాలి లోతు నీళ్ళలో నా అంచులు రెండు చేతులా గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. పైడితల్లి తెడ్డు అందుకుంది. ముందు వంతెన వచ్చింది. పడవవాళ్ళందరూ గుద్దుకునే చోటు. ఎర్రయ్య ఉండబట్టలేక చేయెత్తాడు.

"కుడికి లాగు, కుడికి."

"కూకో. ఇక్కడ నానే తండేలుని," అంది పైడితల్లి. తండేలంటే బోటు మీద అందరికీ పెద్ద.

రెండుసార్లు తెడ్డు వేసి, చివర్లో మెలిపెట్టింది. వంతెన స్తంభానికీ నాకూ మధ్య జానెడు సందు కూడా లేదు. నా పలకలన్నీ బిగబట్టుకున్నాను. గీటు పడకుండా అవతలికి వచ్చేశాం. ఎర్రయ్య చేయి దించేశాడు. వెనక్కి తిరిగి, పెళ్ళాం నిలబడిన తీరు, పాదాలు ఆనించిన తీరు, తెడ్డు మీద పిడికిలి చూశాడు. ఇక అవతలి గుమ్మం దాకా ముందుకు తిరగలేదు. నా అంచులు కూడా వదిలేశాడు.

దిగాక, వెళ్ళిపోతాడనుకున్నాను. వంగి నా ముక్కును తాకి కళ్ళకద్దుకున్నాడు.

"ఎల్లుండి మా బోటు వేటకెల్తంది. కొబ్బరికాయ నువ్వొచ్చి కొట్టు," అన్నాడు.

వాళ్ళ ఊళ్ళో తరతరాలుగా ఆ కాయ మగవాళ్ళే కొట్టారు. ఆడవాళ్ళు దరిదాపుల్లోకి కూడా పోరు. పైడితల్లి బనీను చేతితో కళ్ళు తుడుచుకుంది.

"ఎల్లుండి నాకు డూటీ ఉంది. పొద్దున్నే అయితే వత్తాను," అంది.

తర్వాత తెడ్డు ఎడమ చేతికి మార్చుకుని, నన్ను ఇవతలి గట్టుకు తిప్పి తెచ్చి, వరసలో నిలబడ్డ వాళ్ళను ఎక్కమంది.