పూలు మాత్రమే చూసింది

మందార చెట్టు మొదట్లో రాలిన మొగ్గలను ఇంద్రమ్మ ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంది. ఎవరూ చూడకముందే పొయ్యిలో పడేస్తుంది. రోజూ ఇదే పని.

నడుమెత్తు గోడకు అవతల పక్కింటి భీమమ్మ చెట్టు ఎర్రగా విరగబూసి ఉంది. ఆరేళ్ళ కింద ఇద్దరూ కలిసి దవాఖాన కంచె దగ్గర విరుచుకొచ్చిన కొమ్మలే రెండూ.

పందొమ్మిదేళ్ళుగా ఇంద్రమ్మ బడిలో వంట చేస్తోంది. వేడి గిన్నెలు పట్టీ పట్టీ వేళ్ళకు స్పర్శ పోయింది. పిల్లలకూ సార్లకూ ఆమె ‘వంటామె’. జొన్నరొట్టెలు చేసి అమ్ముకునే భీమమ్మను మాత్రం గల్లీ అంతా పేరుపెట్టి పిలుస్తుంది. మంగళవారం బోరంచ పోచమ్మ గుడికి వెళ్ళేవాళ్ళు పూల కోసం ఆమె గేటు ముందే ఆగుతారు.

ఒకసారి ఇంద్రమ్మ అడిగింది. “మొదట్ల ఏమేస్తవే?”

“ఏమేస్త, నీళ్లు పోస్త గంతే. నీ చెట్టుకే ఎండ తగుల్తలేదు ఇంద్రా. గా రేకులు జరుపు.”

చెట్టుకు అడ్డంగా నిలబెట్టిన ఇనుప రేకులను ఇంద్రమ్మ జరపలేదు. భీమమ్మ ఏదో కిటుకు దాస్తోందనుకుంది. యూరియా తెచ్చి పోసింది. మొగ్గలు వచ్చినట్టే వచ్చి రాలాయి.

ఆ రోజు మంగళవారమే. పొద్దున ఏడు దాటినా అవతల ఒక్క పువ్వూ తెగలేదు. ఇద్దరు ఆడవాళ్ళు గేటు దగ్గర పిలిచి పిలిచి ఇటు చూశారు.

“ఇయ్యబుద్ధి అయితలేదేమో. గంత గర్వమొచ్చింది,” అంది ఇంద్రమ్మ. వాళ్ళు ఉత్త చేతులతో వెళ్ళిపోతుంటే ఆమె మనసు చల్లబడింది. ఆ చల్లదనంతోనే బడికి వెళ్ళి మూడు వందల మందికి పప్పు వండింది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి పూలన్నీ కొమ్మలమీదే ముడుచుకుపోయి ఉన్నాయి. అవతల పొగ లేదు, రొట్టె చప్పుడు లేదు. ఇంద్రమ్మ చాలాసేపు నిలబడి, చివరికి ఆ గేటు తీసింది.

భీమమ్మ పొయ్యి ముందు పక్కకు ఒరిగి ఉంది. పిండి చేతికే ఎండిపోయింది.

ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి చెయ్యి పట్టి చూశాడు. “మిట్టపగటిదాంక పానమున్నట్టుంది,” అన్నాడు.

“పొద్దుగాల నువ్వు చూడలేదా ఇంద్రమ్మా?” ఎదురింటి రోజ అడిగింది.

“పూలు చూసిన,” అంది ఇంద్రమ్మ.

కంగ్టిలో ఉన్న భీమమ్మ చెల్లెలికి ఫోన్ చేస్తూ అందరూ వాకిట్లోకి వెళ్ళారు. ఇంద్రమ్మ కళ్ళు అప్పుడు కూడా భీమమ్మ చెట్టు మొదట్లోనే వెతికాయి, ఎరువు సంచి కోసం, సీసా కోసం, ఏదో ఒకదాని కోసం. అక్కడ పిడి విరిగితే తీగ చుట్టిన ప్లాస్టిక్ మగ్గు ఒక్కటే ఉంది, సగం నీళ్ళతో.