వెర్నేయ్ మేడలో పెమ్మాడివారు

పారిస్‌లోని వెర్నేయ్ ప్రభువుల మేడను సింగపూర్ కంపెనీ ఒకటి కొని హోటల్ చేస్తోంది. దాని చరిత్రను పుస్తకంగా వేసే పని సింగపూర్‌లోనే వన్-నార్త్‌లో ఉన్న మా ఆఫీసుకు వచ్చింది. ఫ్రెంచి వచ్చినదాన్ని కనుక నా నెత్తిన పడింది. ఏ హాల్లో ఏ దొరసాని నాట్యమాడిందో, ఏ అద్దం ఎక్కడినుంచి తెప్పించారో రాసినన్నాళ్లూ అందరూ నన్ను తెగ మెచ్చుకున్నారు.

తర్వాత పాత కాగితాల్లో ఓడలో ఎక్కించినవాళ్ల జాబితా దొరికింది. మేడ కట్టించిన మొదటి వెర్నేయ్ యానాంలో మనుషుల్ని కొని, ఫ్రెంచివాళ్ల దీవుల్లో బానిసలుగా అమ్మినవాడు. జాబితాలో ‘పెమ్మాడి’ అని వరసగా పదకొండుసార్లు ఉంది. చివరి పేరు పక్కన ‘పాలు తాగే బిడ్డ’ అని రాసి ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఆ అధ్యాయం ఆ రోజే రాశాను.

హోటల్ వాళ్లు ఒప్పుకోలేదు. జాబితా రాసిన గుమాస్తా పొరపాటున ఒకే పేరు పదకొండుసార్లు ఎక్కించాడని, అది ఒకే మనిషి అని తెలుగు తెలిసినవారు ధ్రువీకరించాలని ఉత్తరం రాశారు. మా బాస్ సుధాకరరావు గారు దాన్ని నా ముందు పెట్టారు.

“సర్, అది ఇంటిపేరు. మనం ముందు ఇంటిపేరే చెప్తాం కదా. ఆ గుమాస్తా అంతవరకే రాసుకున్నాడు. మేముండే యీషున్‌లో క్లినిక్‌కెళ్తే, మా ఇంటిపేరు పిలవగానే ఇంటిల్లిపాదీ లేస్తాం. మీకు తెలీదా?”

“ఎందుకు తెలీదమ్మా? మాది యానాం పక్కనే, తాళ్లరేవు. పెమ్మాడోళ్లు మా వీధి చివర్లోనే ఉండేవోరు.”

తెలియక అంటే సర్దుకునేదాన్ని. అన్నీ తెలిసి అంత నిదానంగా మాట్లాడేసరికి ఒళ్లు మండింది.

“అందులో చంటిపిల్ల ఉంది సర్.”

“అందుకే తీసెయ్యమంటున్నాను. హనీమూన్‌కొచ్చేవోళ్లు చదివే బుక్కమ్మా అది. నీ వర్క్ పాస్ రెన్యూవల్ నెక్స్ట్ మంత్ కదా?”

మా ఆయన ఉద్యోగం పోయి ఐదు నెలలైంది. మేం ముగ్గురం నా పాస్ మీదే ఈ ఊళ్లో ఉన్నాం. ‘పెమ్మాడి’ ఒక వ్యక్తి పేరు అని టైపు చేసిన కాగితం కింద సంతకం పెట్టాను.

పోయిన వారం పుస్తకం వచ్చింది. దొరగారి వెంట ఇండియా నుంచి వచ్చిన విశ్వాసపాత్రుడైన సేవకుడు పెమ్మాడి అని ఒక్క వాక్యం ఉంది. ఆ పేరు ముచ్చటగా ఉందని హోటల్లో బారుకు పెట్టుకున్నారట.

వాళ్లను కొన్నవాడు సైతం పదకొండు మందిగానే రాయించుకున్నాడు. ఒక్కణ్ణి చేసింది నేను.