సైకిల్ తొక్కడం శ్రమ కాదు

పరీక్షకు ముందు యిట్స్కెకు ఆసుపత్రివాళ్లు చెప్పింది రెండే ముక్కలు. తీపి తినకూడదు, ఒంటిని శ్రమపెట్టకూడదు. రెండూ తు.చ. తప్పకుండా పాటించింది. రొట్టె మీద చాక్లెట్ తురుము మానేసింది. పొద్దున్నే నీళ్లు మాత్రం తాగి, సైకిలెక్కి, కాలువ గట్టు వెంట ఎదురుగాలిలో గ్రోనింగన్ నగరంలోని ఆసుపత్రికి వచ్చింది.

ఆరు నెలలుగా ఆమె రొమ్ములోని గడ్డకు మందు ఎక్కిస్తున్నారు. అది చచ్చిందా, బతికుందా అన్నది ఈ పరీక్షలో తేలాలి. యంత్రం ఒక్కటే, బొమ్మలు రెండు. ఒకదానిలో లోపలి ఆకారం కనబడుతుంది. రెండోదానిలో, సూదితో ఎక్కించిన చక్కెరను ఒంట్లో ఎవరు ఆబగా తింటే వాళ్లు వెలుగుతారు. బతికున్న గడ్డ తిండిపోతు. ఒక బొమ్మ మీద ఇంకొకటి పెడితే దాని గుట్టు బయటపడుతుంది.

బొమ్మలు చూసి డాక్టర్ వీన్‌స్ట్రా కళ్లజోడు సర్దుకుంది.

"యిట్స్కె గారూ, పొద్దున్న ఏం చేశారు?"

"ఏమీ చేయలేదండీ."

"మరి మీ తొడలేంటమ్మా, కొత్త సంవత్సరం బాణసంచాలా వెలిగిపోతున్నాయి?"

"సైకిల్ మీద వచ్చాను."

"శ్రమ వద్దన్నాం కదా!"

"శ్రమేముందండీ? దారంతా కూర్చునే వచ్చాను."

డాక్టర్ తలుపు వైపు చూసింది. దాని వెనక, తను పొద్దున్న సైకిల్ మీద వేసుకొచ్చిన వానకోటు నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.

"చక్కెరంతా తొడలే మింగేశాయి. గడ్డ చచ్చి చీకటిగా ఉందో, పస్తుండి చీకటిగా ఉందో ఎలా చెప్పను? ఎల్లుండి మళ్లీ రండి. కాళ్లు కదపకుండా."

యిట్స్కె ముఖంలో నవ్వు ఆరిపోయింది.

ఇంట్లో భర్త హార్మెన్ టాక్సీ పిలుద్దామన్నాడు.

"టాక్సీయా? పెళ్లికెళ్తున్నామా?"

"పోనీ బస్సు?"

"బస్టాపుకి నడవొద్దూ?"

చివరికి పక్కింటివాళ్లు పిల్లల్నీ కుక్కనీ తిప్పే, ముందు పెద్ద పెట్టె ఉన్న సైకిల్ అరువు తెచ్చాడు. పరీక్ష రోజు యిట్స్కె ఆ పెట్టెలో, కుక్క దుప్పటి మీద, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంది.

"ఎడమకి! బాతులు, బాతులు!"

"అరవకే తల్లీ, దవడలు కూడా వెలుగుతాయి!"

వంతెన ఎక్కుతుంటే హార్మెన్ ఊపిరి కొలిమితిత్తిలా ఆడింది. ఆమె వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఈసారి అది వెలిగితే?"

నాలుగు తొక్కులు తొక్కాక జవాబు వచ్చింది.

"మళ్లీ మందంటారు. మళ్లీ తొక్కుతా."

పరీక్ష అయిన మర్నాడు ఫలితానికీ అదే బండిలో వెళ్లారు. డాక్టర్ బొమ్మ మీద బొమ్మ పెట్టింది. తొడలు చీకటి. గడ్డ ఉన్న చోటూ చీకటే.

"పస్తుండి కాదు కదా?"

"కాదమ్మా. ఈసారి వడ్డించాం, తినేవాళ్లే లేరు. మందు బాగా పనిచేసింది. ఆపరేషన్ మాత్రం తప్పదు."

యిట్స్కె ఆ నల్లటి చోటును చాలాసేపు చూసింది. పక్కకు తిరిగితే హార్మెన్ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోతున్నాడు. కాళ్లు మొరాయించాయి. మళ్లీ కూలబడ్డాడు.

"ఈయన్ని యంత్రంలో పెట్టండి డాక్టరుగారూ, ఊరికి కరెంటు అక్కర్లేదు," అంది.

బయట అతన్ని పెట్టెలోకి తోసి, దుప్పటి కప్పింది.

"నువ్వు తొక్కుతావా? శ్రమ కదే!"

"శ్రమేముంది? కూర్చునే కదా," అంటూ ఎక్కింది.