గుండ్రటి అంచు

ఉత్తరం వచ్చిన క్షణంలో నేను దుప్పటి కింద ఉన్నాను.

పెళ్లై నలభై రోజులైన మనిషి పట్టపగలు పదకొండింటికి దుప్పటి కింద ఏం చేస్తోందని అడక్కండి. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో ఏడో తరగతి సైన్సు పుస్తకం, నోట్లో కిరణజన్య సంయోగక్రియ. చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి రికార్డు చేసే పని నాది. దుప్పటి ఎందుకంటే, మా పెరటి గోడకూ రైలు పట్టాలకూ మధ్య ఒక గోదాము తప్ప ఏమీ లేదు. వచ్చే ప్రతి బండీ మా వీధి దగ్గరికి రాగానే హారన్ కొడుతుంది. కొట్టడమంటే మామూలుగా కాదు. గిన్నెల స్టాండులో గరిటెలు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి.

"అమ్మాయ్! వచ్చేసింది! బయటికి రా!" అని మామయ్య కేక.

దుప్పటితోనే పరుగెత్తాను. మామయ్య గుమ్మంలో నిలబడి, తడి ఆరని సిమెంటు పలకను మోస్తున్నట్టు ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని ఉన్నారు. హారన్ మోత తగ్గించమని వీధి తరఫున రెండేళ్లుగా పదకొండు అర్జీలు పెట్టింది ఆయనే.

"గేటుకు కొత్త సిగ్నలు బిగించారట. బుధవారం నుంచి ఇక్కడ డ్రైవర్లు హారన్ కొట్టనక్కర్లేదట! పట్టాల మీద మనుషులు గానీ పశువులు గానీ కనబడితే తప్ప."

ఆ చివరి ముక్క ఆయన గబగబా చదివేశారు. మేమూ గబగబా వినేశాం.

"పదకొండు అర్జీలకి మీ చేతిరాత బాగుపడిందన్నమాట" అంది అత్తయ్య.

నేను వెంటనే మా ఆయనకు ఫోన్ చేశాను. పెద్దవాళ్ల ముందు 'మీరు', మేమిద్దరమే ఉన్నప్పుడు 'నువ్వు'. ఈ రహస్యం కూడా నాకు కొత్త నగలా ఉంటుంది, అప్పుడప్పుడూ తీసి చూసుకుంటాను.

"ఏవండీ, విన్నారా? హారన్లు ఆపేస్తారట!"

వెనక నుంచి పెద్ద మోత. గరిటెలు గలగలమన్నాయి.

"ఏంటీ? ఏం ఆపేస్తారు? వినబళ్లేదు, మళ్లీ చెప్పు!"

నా సంతోషానికి ఇంకో కారణం ఉంది. రికార్డింగు ఆఫీసు మేడం నేను పంపిన మొదటి మూడు పాఠాలూ తిప్పి పంపింది. "మీ గొంతు బాగుందమ్మా. కానీ మీ ఆకుకి ఎండ తగిలినప్పుడల్లా రైలెందుకొస్తోంది?" అని అడిగింది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. శనివారం సాయంత్రానికి ఆరు పాఠాలు శుభ్రంగా ఇస్తే ఏడాది పొడుగునా పని నాదే. లేకపోతే ఇంకొకామె సిద్ధంగా ఉంది. చదువు అయ్యాక నేను నిజంగా కావాలనుకున్న పని ఇదొక్కటే. ఎక్కడో ఒక పాప చెవి దగ్గర నా గొంతు కూర్చుని ఆకు అంటే ఏమిటో చెబుతుంది. ఆ ఊహకే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆ మధ్యాహ్నమంతా ఇంట్లో ఏది చూసినా ముద్దొచ్చింది. ముఖ్యంగా వంటగట్టు. మామయ్య తాపీ మేస్త్రిగా ముప్పై ఐదేళ్లు పనిచేసి మానేశారు. ఈ ఇల్లు ఆయన కట్టుకున్నదే. ఇంట్లో ఎక్కడా పదునైన మూల ఉండదు. మెట్లు, కిటికీ దిమ్మెలు, వంటగట్టు, అన్నిటి అంచులూ గుండ్రంగా, సబ్బుబిళ్లలా నున్నగా ఉంటాయి. ప్రతి అంచు చివరా సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కుతారు. అది ఆయన సంతకం. కొత్త కాపురంలో కంగారుగా తిరుగుతూ మొదటి వారంలో ఆ గట్టుకు నాలుగుసార్లు నడుం తగిలించుకున్నాను. ఒక్కసారీ నొప్పెట్టలేదు. కాఫీ మరిగేదాకా ఆ నొక్కులో నా బొటనవేలు పెట్టి నిలబడటం నాకు అలవాటైపోయింది.

బుధవారం వచ్చింది. దుప్పటి మడతపెట్టి, కిటికీ తెరిచి, రాణిలా కుర్చీలో కూర్చున్నాను.

"ఆకుపచ్చని ఆకు సూర్యకాంతిని..."

బాఁఁఁఁ!

పొరపాటున కొట్టి ఉంటాడు, అలవాటు పోవద్దూ పాపం అనుకున్నాను. తర్వాతి బండికి కూడా పాపం అనుకున్నాను. నాలుగో బండికి పాపం అయిపోయింది. సాయంత్రానికి పధ్నాలుగు బండ్లు వెళితే పదమూడు కొట్టాయి. కొట్టని ఆ ఒక్కటీ నేను కాఫీ తాగుతున్నప్పుడు వెళ్లింది.

"ఆర్డరంటే లెక్కలేదు వీళ్లకి!" అని మామయ్య పన్నెండో అర్జీకి తెల్లకాగితం తీశారు. నేను మళ్లీ దుప్పటి తీశాను. లోపల ఉక్క, చెమట. పుస్తకం అక్షరాలు వేలికి అంటుకుంటున్నాయి. ఒకే వాక్యం పంతొమ్మిదిసార్లు చదివాను. ఇరవయ్యోసారికి ఆకు మీదే అసహ్యం పుట్టింది. ఆ రోజు మా ఆయన ఆఫీసు నుంచి ఎప్పటిలాగే ఆరుకు పది నిమిషాల ముందే వచ్చారు. ఆయనతో పాటు అదే బండి దిగే మిగతా వీధివాళ్లు ఆరింటికి గానీ ఇళ్లు చేరరు. నా కోసం పరుగెత్తుకొస్తారని రోజూ పొంగిపోయేదాన్ని. ఆ రోజు మాత్రం తలుపు తీసి, "మీ రైలు కూడా కొట్టింది" అన్నాను, ఆ బండిని ఆయనే నడిపినట్టు.

గురువారం సాయంత్రానికి ఒక్క పాఠం కూడా తేలలేదు. ఐదున్నరకు చెప్పులేసుకుని గేటు దగ్గరికి నడిచాను, పోట్లాడటానికే.

గేట్‌మాన్ పెద్దాయన. గది బయట ఒక పసుపుపచ్చ రేకుబోర్డు మీద కూర్చుని పచ్చజెండా అంచుకు కుట్టు వేసుకుంటున్నాడు.

"బాబాయ్, హారన్ కొట్టొద్దని మీకు ఆర్డరు రాలేదా?"

"ఎందుకు రాలేదమ్మా? హారన్ కొట్టమని చెప్పే బోర్డు ఇదే. మంగళవారమే పీకేశాం. నాకు పీటయ్యింది."

"మరి మీ డ్రైవర్లకి కళ్లు లేవా?"

"కళ్లున్నాయి కాబట్టే కొడుతున్నారు." సూదిని జెండాకే గుచ్చి లేచాడు. "ఇటు రామ్మా. ఇంకో బండికి టైమైంది. నువ్వే చూడు."

గేటు దాటి రెండొందల అడుగుల అవతల, పట్టాలు గోదాము వెనక వంపు తిరిగేచోట, రైల్వే ప్రహరీ గోడలో గండి ఉంది. నేను అటు ఎప్పుడూ పోలేదు. నాకు దుప్పటి కిందే సరిపోయింది. పట్టాల అవతలి నుంచి ఆ గండి వైపు ఒక సైకిలు వచ్చింది. సైకిలు వెనక ఇద్దరు ఆడవాళ్లు. వాళ్ల వెనక నీలం గొడుగు.

ఆ నీలం గొడుగు నాకు తెలుసు. ఆ నడకా తెలుసు. ఎడమ మోకాలు నొప్పి కాబట్టి అత్తయ్య ముందు కుడికాలు వేసి, తర్వాత ఎడమకాలిని బతిమాలి తెచ్చుకుంటుంది. చేతిలో నిండిన కూరగాయల సంచి. సరిగ్గా అప్పుడే ఆమె వెనకే, భుజాన బ్యాగుతో, ఈల వేసుకుంటూ మా ఆయన పట్టాల మీదికి దిగారు. అమ్మను చూసి నవ్వి సంచి అందుకున్నారు. ఇద్దరూ పట్టాల మధ్య నిలబడి ఏదో మాట్లాడుకున్నారు.

వంపులో ఇంజన్ ముఖం కనబడింది.

బాఁఁఁఁఁఁఁ!

నలభై రోజులుగా నేను తిట్టిపోసిన హారన్ అది. ఆ క్షణంలో మాత్రం, ఇంకా గట్టిగా కొట్టు నాయనా, ఇంకా గట్టిగా, అని లోపల అరిచాను. మా ఆయన అత్తయ్య మోచెయ్యి పట్టుకుని ఇవతలికి లాగేశారు. బండి వాళ్ల వెనక నుంచి వెళ్లిపోయింది. గొడుగు ఒక్కసారి వెనక్కి తిరగబడి మళ్లీ సర్దుకుంది. వాళ్లు కనీసం వెనక్కి కూడా చూడలేదు. రోజూ ఇంతేనన్నమాట! ఆ పది నిమిషాలు పరుగు వల్ల వచ్చినవి కావన్నమాట!

గేట్‌మాన్ నాకు నీళ్లసీసా ఇచ్చాడు.

"రెండుసార్లు మూశాం. రెండుసార్లూ పగలగొట్టారు. రెండోసారి పగలగొట్టాక ఎవరో మహానుభావుడు దాన్ని ఏకంగా చెక్కి పెట్టాడు. గండి అంటే ఇటుకలు పళ్లికిలించుకుని ఉండాలా వద్దా? దానికి మెట్టు కూడా ఉందమ్మా! రేపు ఏడింటికి మళ్లీ మావాళ్లొస్తారు మూయడానికి. వారం ఉంటే గొప్పే."

అత్తయ్యా ఆయనా వీధి మలుపు తిరిగాక నేను ఆ గండి దగ్గరికి వెళ్లాను. రెండు వైపులా అంచులు గుండ్రంగా ఉన్నాయి. సబ్బుబిళ్లలా నున్నగా ఉన్నాయి. కింద చివర ఒక నొక్కు. అందులో బొటనవేలు పెట్టాను. పట్టింది.

ఇంటికి వెళ్లేసరికి మామయ్య బల్ల దగ్గర పన్నెండో అర్జీ రాస్తున్నారు. అత్తయ్య వంకాయలు తరుగుతోంది. మా ఆయన నా కోసం కాఫీ కలుపుతున్నారు. ఇంకో రోజైతే ఆ దృశ్యానికే కరిగిపోయేదాన్ని.

"మామయ్యా, మన వంటగట్టు అంచు ఎంత బాగుంటుందో కదా. అలాంటిది ఇంకెక్కడైనా కట్టారా?"

కలం ఆగింది.

"అది... మీ అత్తయ్య ఒకసారి ఆ ఇటుకలకి తట్టుకుని పడిందమ్మా. మోకాలు..."

"నా మోకాలి మీదికి తొయ్యకండి!" అంది అత్తయ్య. "మెట్టు కూడా పెట్టమని నేనడిగానా? మీకు తాపీ పట్టుకుంటే చెయ్యి ఆగదు."

"ఎలాగూ అందరూ పోతున్నారు, కనీసం దెబ్బ తగలకుండా పోతారనుకున్నా. ఆ మోత బోర్డు వల్లే అనుకున్నానమ్మా, మన వల్ల అనుకోలేదు."

"ఒక చేత్తో పదకొండు అర్జీలు రాశారు, ఇంకో చేత్తో దారి వేశారు!" నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నేను దుప్పట్లో ఉడుకుతూ ఆ డ్రైవర్లని తిట్టని తిట్టు లేదు. ఎల్లుండికి నా పని పోతుంది. ఆ సంగతి వదిలేయండి. ఇవాళ ఆ డ్రైవరు కొట్టకపోతే..."  మా ఆయన వైపు తిరిగాను. "పది నిమిషాల కోసం అలా వస్తావా నువ్వు? అమ్మని పట్టాల మధ్య నిలబెట్టి కబుర్లు చెబుతావా?"

అందరి ముందూ 'నువ్వు' అనేశాను. అత్తయ్య వంకాయ మీంచి తలెత్తి, మళ్లీ దించేసుకుంది.

"నీ దగ్గరికి తొందరగా రావాలనే..." అన్నారాయన, కాఫీ గరిట చేతిలోనే ఉంచుకుని.

అప్పుడే దూరంగా హారన్ మోగింది. గరిటెలు గలగలమన్నాయి. నలుగురం ఒకేసారి కిటికీ వైపు తిరిగాం. ఇన్నాళ్లూ ఆ మోత వినగానే, మళ్లీ బండి అని విసుక్కునేవాళ్లం. ఇప్పుడు మాత్రం, అక్కడ ఎవరున్నారో అని భయమేసింది. బండి పూర్తిగా వెళ్లిపోయేదాకా ఎవ్వరం కదల్లేదు.

మామయ్య అర్జీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. లేచి మంచం కింద నుంచి తాపీ సంచి లాగారు. తాపీని అరచేతి మీద రెండుసార్లు తట్టి చూసుకున్నారు.

"రేపు ఏడింటికి రైల్వేవాళ్లొచ్చి మూస్తారట" అన్నాను.

"వాళ్లు మూసేది తెరలాంటి గోడ, వారంలో ఊడుతుంది. నేను పోయి అడుగుతాను. ఒప్పుకుంటే ఆ గండి నా చేత్తోనే కడతాను. చుట్టూ ఉన్న పాత ఇటుకలకి పళ్లు పళ్లుగా కలిపి కడితే, సమ్మెట తెచ్చినా ముందు చేతులు నొప్పెడతాయి. రేపు ఆరున్నరకల్లా అందరూ లేవాలి. ఒరేయ్, నువ్వు నీళ్లు మొయ్యి, ఆఫీసుకి ఆలస్యంగా పో. సాయంత్రం గేటు చుట్టూ తిరిగి ఆరింటికి రా."

"ఆరున్నరకైనా పర్లేదు" అన్నాను. "నడిచి రావాలి."

"ఆ అంచు మాత్రం..." అని అత్తయ్య నవ్వు ఆపుకుంది.

"అంచుండదు. ఒట్టి గోడే" అన్నారు మామయ్య.

"అయితే నేను గొడుగేసుకుని అక్కడే కుర్చీలో కూచుంటా. సిమెంటు ఆరేదాకా ఎవరొస్తారో చూస్తా. కూరగాయలకి మీరే పోయి రండి, చుట్టుదారిన" అంది అత్తయ్య. "అమ్మాయ్, నువ్వక్కడికి రావద్దు. పది గంటల బండి దాటేసరికి గోడ లేస్తుంది, ఇక ఏ బండీ కొట్టదు. అప్పుడు ఆ దుప్పటి మడతపెట్టి, కిటికీ తెరుచుకుని చదువుకో."