అలా అనరాదు

భానుశ్రీ తణుకులో జూనియర్ కాలేజీ హిస్టరీ లెక్చరర్. ఆరేళ్ళుగా ఆదివారం వస్తే చాలు, నిడదవోలు మీదుగా పాసింజరు రైల్లో రాజమండ్రి వెళ్ళి, పల్లంరాజు మాస్టారి దగ్గర పీహెచ్‌డీ పని చేసుకునేది. బౌద్ధం విషయంలో గోదావరికి ఈవలా ఆవలా మాస్టారి మాటకి తిరుగులేదు. ఆయన పుస్తకమే ముప్పై ఏళ్ళుగా ఎమ్మే పిల్లలకి పాఠం.

ఆమె ఎంచుకున్నది పూర్వశైలీయుల గురించి. ఆంధ్రదేశపు కొండల మీది ఆరామాల్లో ఉంటూ, పెద్ద భిక్షువులతోనే వాదం పెట్టుకున్న పాత బౌద్ధశాఖ అది. బంధాలన్నీ తెంచుకున్న అర్హంతుడికి తెలియనిదంటూ ఉండదని పెద్దలు అంటే, ఎందుకుండదని వీళ్ళు అడిగారు. ఎదురుపడ్డ మనిషి పేరేమిటో, రెండు దారుల్లో ఊళ్ళోకి పోయేదేదో, కాలి కింది గడ్డిని ఏమంటారో ఆయనకి తెలియకపోవచ్చు, ఇంకొకరు చెబితే తెలుసుకోవచ్చు అన్నారు. వాళ్ళ సొంత గ్రంథాలు దాదాపు ఏవీ దక్కలేదు. వాళ్ళని ఖండించినవాళ్ళ పాళీ గ్రంథంలోనే వాళ్ళ మాటలు బతికాయి.

ఆ గ్రంథమంతా ప్రశ్నా జవాబూ. మాట్లాడేది ఎవరో పేర్లుండవు. "అయితే అర్హంతుడికి అవిద్య కూడా ఉందంటారా?" అని ఖండించేవాళ్ళు నిలదీస్తారు. "అలా అనరాదు" అని పూర్వశైలీయులు బదులిస్తారు. ఊరి దారి తెలియకపోవడం వేరు, విముక్తి దారి తెలియకపోవడం వేరు అని వాళ్ళ ఉద్దేశమని భానుశ్రీకి తోచింది. మాస్టారు తన పుస్తకంలో ఆ ప్రశ్ననే వాళ్ళ సిద్ధాంతంగా వేసి, జవాబు వదిలేశారు. ఆ పైన వాళ్ళని భ్రష్టులన్నారు. ఆమె తన నాలుగో అధ్యాయంలో ఈ సంగతి రాసింది.

1998 డిసెంబరులో ఒక ఆదివారం మాస్టారు ఆ అధ్యాయం చదివి, కళ్ళజోడు తీశారు.

"ఇది తీసెయ్యమ్మా."

"ఎందుకండీ?"

"ఇన్నేళ్ళూ నేను తప్పు చెప్పానంటున్నావు. అంతేగా?"

"గ్రంథం మీ బల్ల మీదే ఉందండి. ఒక్కసారి చూడండి మాస్టారూ."

ఆయన చూడలేదు. "నీకు పాళీ నేర్పిందెవరు?"

"మీరేనండి. మీరు నేర్పబట్టే చదవగలిగాను."

ఆ మాటకి ఆయన ముఖం ఎర్రబడింది. "నెలాఖరులోగా దిద్ది పట్రా. లేకపోతే నా సంతకం ఉండదు," అని లోపలికి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి భర్త శ్రీనివాసరాజుకి చెప్పింది. భీమవరం దగ్గర ఆయనకి రొయ్యల చెరువులున్నాయి.

"ఒక్క వాక్యం కొట్టేస్తే పోయేదానికి ఆరేళ్ళ కష్టం నీళ్ళపాలు చేసుకుంటావా?" అన్నాడాయన.

"మీ చెరువులో రొయ్యలకి తెల్లమచ్చ తెగులు కనపడిందనుకోండి. చూసినవాడు లేదని చెబితే ఊరుకుంటారాండీ?"

"మచ్చుంటే ఉందనే చెప్పాలిలే," అన్నాడాయన చివరికి.

జనవరిలో రాజమండ్రిలో మాస్టారి షష్టిపూర్తి సభ జరిగింది. శిష్యులు తలా ఒక వ్యాసం చదవాలి. సభ నడిపే హరిబాబుగారు భానుశ్రీని పక్కకి పిలిచారు. ఆయన కూడా మాస్టారి శిష్యుడే.

"నాలుగో అధ్యాయం జోలికి పోకండమ్మా. మాస్టారు చెప్పమన్నారు."

ఆమె తలూపలేదు. వేదికెక్కి నాలుగో అధ్యాయమే తీసింది. మాస్టారి పుస్తకంలోని వాక్యం చదివి, దాని పక్కన పాళీ మూలం చదివింది. హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. ముందు వరసలోంచి మాస్టారి గొంతు వినిపించింది.

"కూర్చో అమ్మా."

"రెండు పేజీలే ఉన్నాయండి. చదివేసి కూర్చుంటాను."

హరిబాబుగారు మైకు ఆపేశారు. కానీ ఎనభై మంది పిల్లల క్లాసులో రోజుకి నాలుగు గంటలు పాఠం చెప్పే గొంతు అది, మైకు ఆపితే ఆగేది కాదు. కాగితం కిందికి దించి, హాలు చివరి వరసని చూస్తూ చదివింది. ఆ భిక్షువులని పూర్తిగా ఒక్క వాక్యం కూడా ఎవరూ చెప్పనివ్వలేదని ఆమెకి ఎప్పుడూ బాధగా ఉండేది. ఈ పూట వాళ్ళ తరఫున ఒక జవాబు, పొల్లుపోకుండా, అందరూ వినేలా చెప్పింది. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. దిగి వచ్చి మాస్టారికి దణ్ణం పెట్టింది. ఆయన తల తిప్పుకున్నారు.

సంతకం రాలేదు. గైడును మార్చమని ఆమె యూనివర్సిటీకి రాసింది. ఒప్పుకునేవాళ్ళు దొరకడానికే ఏడాది పట్టింది. మాస్టారి మీద గౌరవం లేని మనిషని తోటి శిష్యులు ఉత్తరాలు రాశారు, పొగరన్నారు. ఆమె ఒక్క ఉత్తరానికీ సంజాయిషీ రాయలేదు. 2001లో డిగ్రీ వచ్చింది. నాలుగో అధ్యాయంలో అక్షరం మారలేదు.

థీసిస్ కాపీ ఒకటి మాస్టారికి రిజిస్టరు పోస్టులో పంపింది. కట్టు విప్పకుండానే తిరిగొచ్చింది. ఆ రోజంతా ఆమెకి అన్నం సయించలేదు. మర్నాడు దాన్ని కాలేజీ లైబ్రరీకి ఇచ్చేసింది.

లైబ్రేరియన్ రాజరత్నం ఆ గొడవంతా విన్నవాడే. "దీన్ని మాస్టారి పుస్తకానికి దూరంగా పెట్టమంటారా మేడమ్?" అన్నాడు మెల్లిగా.

"పక్కనే పెట్టండి," అంది భానుశ్రీ. "పిల్లలు రెండూ తీసి చూసుకోవాలి."